పరీక్ష బండికి పట్నపు టైరు

హైదరాబాదు నగరమునకు తూర్పు వాకిలి ఉప్పల్. అచ్చటి కూడలిలో నిలిచి చూచినచో ఒక బాట రామంతాపురము మీదుగా అంబరుపేటకును, ఒకటి హబ్సిగూడ, తార్నాకల మీదుగా సికిందరాబాదునకును, ఇంకొకటి నాగోలు దాటి ఎల్.బి. నగరునకును, నాలుగవది ఘటకేసరము, భువనగిరుల మీదుగా ఓరుగల్లునకును పోవును. హబ్సిగూడ వద్ద చీలిన మరియొక దారి నాచారము, మల్లాపురముల కార్ఖానాల వాడలలోనికి కొనిపోవును. ఈ దారుల మీద తిరుగు మోటారు సైకిళ్ళలో ఒక వింత జాతి అప్పుడప్పుడు కనబడుచుండును. పొగగొట్టము పైకెత్తి యుండును. చేతిపట్టు కడ్డీ ఎత్తుగా నుండును. కూర్చుండుటకు ఒక్కరికే చోటు. చక్రములకు గుబ్బలు గుబ్బలుగా నున్న టైర్లు. దీనిని ట్రయల్సు బండి యందురు. ట్రయలనగా పరీక్ష, కనుక నేను పరీక్ష బండి యని పిలిచెదను.

కొండరాళ్ళమీద ఎక్కుటకు పుట్టిన ఈ బండిని నెలకు ఇరువదెనిమిది దినములు తారురోడ్డు మీదనే నడుపువానికి ఎట్టి టైరు తగును? ఇదియే నేటి ప్రసంగవిషయము. టైరు కొనుటకు చరిత్రోపన్యాసమెందుకని మీరు నవ్వవచ్చును. కాని ఈ ప్రశ్నకు జవాబు అంగడిలో కంటె చరిత్రలోనే ఎక్కువగా దొరకునని నా అభిప్రాయము.

మన పెద్దలు బండిచక్రమును ఎరుగుదురు. ఇరుసు, కుండ, ఆకులు, పూటీలు, ఆ పూటీలమీద ఎఱ్ఱగా కాల్చి తొడిగి నీళ్ళు చల్లి బిగించిన ఇనుపపట్టా. కమ్మరి ఆ పట్టా ఎక్కించునాడు ఊరి పిల్లలందరును అచ్చటనే యుండెడివారు. ఆ పట్టాయే మన మొదటి టైరు. అది చక్రమును కాపాడెను గాని, బాటను కోసివేసెను. ప్రతి రాతి దెబ్బయు ఇరుసునకును, ఎద్దు మెడకును, బండిలోనివాని నడుమునకును చేరెను.

రబ్బరు ఈ పనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి పెళుసగును. అమెరికా దేశస్థుడగు చార్లెసు గుడ్‌ఇయరు 1839లో రబ్బరును గంధకముతో కలిపి కాచినచో ఈ రెండు దోషములును పోవునని కనుగొనెను. 1845లో రాబర్టు విలియం థాంసన్ అను స్కాట్లండువాడు గాలినింపిన టైరునకు పేటెంటు పొందెను. రబ్బరు పూసిన గుడ్డగొట్టము, పైన తోలుతొడుగు. దానిని గుఱ్ఱపుబండ్లకు తొడిగి నడిపించెను. అయినను కొనువారు లేక ఆ సంగతి మరుగున పడిపోయినది. మరల 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలిటైరు కట్టెను. మరుసటి యేట విలియం హ్యూం అనువాడు ఆ టైర్లతో సైకిలు పందెములు గెలువగా లోకమునకు కన్ను తెరపు కలిగెను. థాంసన్ అప్పటికే పేటెంటు పొంది యుండుటచే డన్లపు పేటెంటు చెల్లకపోయినది. పేరు మాత్రము డన్లపునకే దక్కినది. చరిత్రలో ఇట్టి అన్యాయములు పెక్కులు.

తొలినాటి టైర్లు నల్లగా నుండెడివి కావు. తెల్లగానో, బూడిదవన్నెగానో ఉండెడివి. ఇరువదవ శతాబ్ది రెండవ దశాబ్దమున రబ్బరులో మసి కలుపుట వాడుకలోనికి వచ్చెను. ఆ మసివలననే టైరునకు నలుపును, అంతకంటె ముఖ్యముగా అరుగుదల నోర్చు బలమును కలిగినవి. మసి యెంత, గంధకమెంత, ఏ రబ్బరెంత అను పాళ్ళను బట్టి టైరు మెత్తనగుటయు గట్టిపడుటయు జరుగును. మెత్తని రబ్బరునకు పట్టు ఎక్కువ, ఆయువు తక్కువ. గట్టి రబ్బరునకు ఆయువు ఎక్కువ, పట్టు తక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకొనుడు, తరువాత పనికివచ్చును.

మన సీమకు వత్తము. నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ఆరంభమయ్యెను. పల్లెలకు టైరు బండి కూడ చేరెను. ఇనుపపట్టా బండిని లాగలేని జత యెడ్లు అంతే బరువును టైరు బండిపై సునాయాసముగా లాగుట చూచి రైతులు మురిసిరి. కాని తుమ్మముల్లు గ్రుచ్చుకొన్ననాడు పంక్చరు వేయువాడు నాలుగు కోసుల దూరమున నుండుటచే మరల పట్టా చక్రమునే మేలని తలచినవారును కలరు. వారిని మూఢులనుట తగదు. దారిని బట్టి చక్రమనునది వారు చక్కగా ఎరిగినవారు.

ఇక పరీక్ష బండి పుట్టుక. ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లండులో మోటారు సైకిలు కొనువానికి గల పెద్ద సందేహము, ఇది ఇంటికి చేర్చునా లేదా యనునదే. బాటలన్నియు కంకర, దుమ్ము, బురద. అందుచే బండ్లు తయారుచేయువారు తమ సరుకు గట్టిదని చూపుటకు కష్టమైన దారులలో పరీక్షలు పెట్టిరి. స్కాట్లండు కొండలలో జరుగు ఆరు దినముల పరీక్ష 1909లో మొదలైనది. ఆనాడు పరీక్షించునది బండినే. అది నడిచినదియు ఊరివారు నడుచు బాటమీదనే. తరువాత బాటలు బాగుపడినవి, బండ్లును బాగుపడినవి. బాటమీద పరీక్షకు అర్థము లేకపోగా, పరీక్ష బాటను విడిచి వాగులలోనికిని, బండలమీదికిని పోయినది. అప్పటినుండి పరీక్ష మనిషికే. ఇందులో వేగముతో పని లేదు. కాలు నేల నానించినచో ఒక మార్కు, రెండుమార్లైన రెండు, మూడో అంతకు మించియో ఐన మూడు, బండి ఆగినను పడినను ఐదు. ఎవనికి తక్కువ మార్కులు వచ్చునో వాడే గెలుచును. మన బడిపిల్లలకు ఈ ఏర్పాటు మిక్కిలి నచ్చునేమో!

ఈ మార్పుతో టైరును రెండు పాయలైనది. బాట టైరు వేరు, పరీక్ష టైరు వేరు. పరీక్ష టైరునకు చిన్న చిన్న చదరపు గుబ్బలు దగ్గర దగ్గరగా ఉండును. రబ్బరు బహుమెత్తన, ప్రక్కగోడలు పలుచన. పందెమునందు దానిలో ఐదారు పౌనుల గాలి మాత్రమే ఉంచుదురు. అంత తక్కువ గాలితో అది రాతిని తాకినప్పుడు తడిగుడ్డవలె రాతిని చుట్టుకొని పట్టుకొనును. మోటోక్రాసు అను మట్టిపందెపు టైరు మరియొక జాతి. దానికి గుబ్బలు పెద్దవి, ఎడములు వెడల్పు. బురదను త్రవ్వి విదిలించుటకు పుట్టినది. మన అంగళ్ళలో ఈ రెండింటిని కలగాపులగము చేసి బటన్ టైర్లని ఒకే పేర పిలుచుట వలన కొనువారు మోసపోవుచున్నారు.

మన దేశపు కథలో ఇంగ్లండులోని రెడిచ్ నగరపు రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీకి తావు కలదు. 1901లో తొలి మోటారు సైకిలు చేసిన ఆ కంపెనీవారు, వెనుక చక్రమునకు ఊగుడు చేయి, స్ప్రింగులు గల క్రొత్త బుల్లెట్టును 1948లో ఇటలీ దేశమున జరిగిన ఆరు దినముల అంతర్జాతీయ పరీక్షకు పంపి బంగారు పతకములు పొందిరి. జానీ బ్రిటన్ అను యువకుడు 1952లోను, 1957లోను స్కాట్లండు పరీక్షను ఆ కంపెనీ బండి మీదనే గెలిచెను. మన సైన్యమువారు సరిహద్దు కాపలాకై బుల్లెట్లనే కోరగా, 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో కర్మాగారము లేచినది. త్యాగరాజస్వామి త్రిపురసుందరీదేవిపై పంచరత్న కృతులు రచించిన తిరువొత్తియూరే అది. అదే ఊరిలో 1946లో మమ్మెన్ మాప్పిళ్ళై అను మలయాళీ యువకుడు పిల్లల రబ్బరు బుడగలు చేయుటతో మొదలుపెట్టి, 1961 నాటికి టైర్ల తయారీకి చేరెను. అదియే ఎం.ఆర్.ఎఫ్. కంపెనీ. దాని కర్మాగారములలో నొకటి తరువాత మన మెదకు సీమలోని సదాశివపేట వద్ద వెలసినది. బండియు, దాని చెప్పును ఒక్క ఊరనే పుట్టినవన్న మాట!

2019లో రాయల్ ఎన్‌ఫీల్డువారు ఆ పాత పరీక్ష బండిని తలపించునట్లు బుల్లెట్ ట్రయల్సు అను పేర రెండు బండ్లు విడుదల చేసిరి, 350 సి.సి. బండికి ఎఱ్ఱ చట్రము, 500 సి.సి. బండికి పచ్చ చట్రము. ముందు చక్రము 19 అంగుళములు, వెనుకది 18. పరీక్ష వేషమే గాని లోపలి యంత్రము, బరువు బుల్లెట్టువే. మరుసటి యేట పొగకు సంబంధించిన క్రొత్త నిబంధనలు వచ్చినప్పుడు వాని అమ్మకము నిలిచిపోయినది. కావున నేడు నాచారములో కనబడునవి చేతులు మారిన బండ్లే. వానికి టైర్లు అరిగి, క్రొత్తవి వేయవలసిన కాలము వచ్చినది.

నా మేనల్లుడు నాచారములో ఒక కార్ఖానాలో పని. అతనియొద్ద ఎఱ్ఱ చట్రపు బండి యొకటి కలదు. టైరు మార్చు దినములలో ఒక సాయంకాలము వచ్చి, "మామా, బటన్ టైర్లు ఏస్తెనే దీనికి కళ వస్తది" అన్నాడు. "కళ సంగతి సరేరా, వాన పడ్డనాడు బ్రేకు కొడితే ఆగుతదా?" అని నేనంటిని. మాటలతో తేలదని, దుకాణదారునడిగి బటన్ టైరు బిగించిన ఒక చక్రమును తెచ్చి, దానిని తడిపి, మా ఇంటి ముందరి పొడి సిమెంటు నేలమీద దొర్లించితిమి. తరువాత అతని పాత బాట టైరును కూడ అట్లే దొర్లించితిమి. బాట టైరు అచ్చు వెడల్పైన పట్టీవలె, నడుమ సన్నని చాళ్ళతో పడినది. బటన్ టైరు అచ్చు మాత్రము ముగ్గు చుక్కలవలె పడినది. తడి కంటె పొడియే ఎక్కువ. మేనల్లుడు చాలసేపు ఆ చుక్కలవంక చూచుచు నిలిచెను.

ఆ అచ్చులోనే శాస్త్రమంతయు కలదు. నడుచుచున్న బండి భూమిని తాకు చోటు ప్రతి చక్రము క్రిందను అరచేయి అంత మాత్రమే. మెత్తని మట్టిలో గుబ్బలు దిగబడును, కనుక ఎడముల మధ్య మట్టి చేరి అదియు పట్టునిచ్చును. తారురోడ్డులోనికి గుబ్బ దిగబడదు. అచ్చట పట్టునిచ్చునది నేలను తాకిన రబ్బరు మాత్రమే. ఎడములు వట్టి శూన్యము. బ్రేకు వేసినప్పుడు పొడుగైన గుబ్బలు ఒక ప్రక్కకు వంగును, మలుపులో మరియొక ప్రక్కకు వంగును. చేతిపట్టు కడ్డీ తేలుచున్నట్లు తోచును. అట్లు వంగి నిక్కుచుండుట చేత రబ్బరు వేడెక్కి గుబ్బల అంచులు త్వరగా తెగిపోవును. మెత్తని పరీక్ష టైరైనచో నగరపు తారు దానిని వేగముగా అరగదీయును. ఐదు పౌనుల గాలితో రోడ్డు మీదికి పోవుట మాట తలపెట్టనే రాదు. గుంత తగిలిన రిమ్ము వంగును, ట్యూబు చిటికెడు పడి చిల్లియగును, మలుపులో టైరు రిమ్మునుండి జారవచ్చును.

మా వీధిలోని ఒక కార్మికుని సంగతి చెప్పెదను. రెండు చక్రములకును క్రొత్త బటన్ టైర్లు వేయించి నెల తిరుగలేదు. తొలకరి వాన పడినది. తొలకరి వానలో రోడ్డు ఎంత చెడ్డదో మీకు తెలియును. వేసవి అంతయు పేరుకొన్న నూనె, దుమ్ము, లారీలనుండి రాలిన రాతిపొడి తడిసి పలుచని జిగురగును. మలుపులో ముందు బ్రేకు పట్టగా ముందు చక్రము జారినది. మెడ ప్రక్క ఎముక విరిగి రెండు నెలలు ఇంట కూర్చుండెను. వెనుక లారీ లేదు గనుక బ్రతికినాడు. టైరు వేరైనచో పడకపోవునని నేను ప్రమాణము చేయజాలను. కాని జారుటకు కావలసిన కారణములలో ఒక దానిని అతడు డబ్బిచ్చి కొనుక్కొన్నాడని మాత్రము చెప్పగలను.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. ఉప్పల్ బాటలు పేరునకే తారుబాటలు కదా యని. నిజమే. ఓరుగల్లు రహదారిపై ఉప్పల్ నుండి నారపల్లి వరకు ఎత్తు వంతెనకు 2018లో శంకుస్థాపన జరిగి, పని ఏండ్ల తరబడి సాగుచుండగా క్రింది బాట గుంతలతోను, కంకరతోను, వానకాలమున మడుగులతోను నిండినది. 1909 నాటి స్కాట్లండు పరీక్షాధికారులు చూచినచో సంతోషముతో తమ జెండా అచ్చట పాతెడివారేమో. అయినను ఆలోచింపుడు. గుంతకు మందు గుబ్బ కాదు. గుంత దెబ్బ నోర్చునది టైరు ప్రక్కగోడ బలము, తగిన గాలి, బండి స్ప్రింగులు. తారుపై చెదరిన కంకరకు కొంచెము లోతైన చాళ్ళు, కొంచెము తెరపి యున్న అచ్చు సహాయపడును గాని, అందుకు పూర్తి బటన్ టైరు అక్కరలేదు.

కావున నా మాట యిది. ఉభయ ప్రయోజనములకు చేసిన టైర్లని కలవు. వానిలో కొన్ని బాటకు ఎనుబది పాళ్ళు, మట్టికి ఇరువది పాళ్ళు అని లెక్కగట్టి చేసినవి. కొన్ని సగము సగము. ఉప్పల్, నాచారములలో ఉద్యోగమునకు పోయి వచ్చువాడు ఎనుబది ఇరువది పాళ్ళదానినే కొనవలెను. వెడల్పైన బిళ్ళలు, సన్నని చాళ్ళు, నడుమ భాగము దాదాపు ఎడతెగని పట్టీ. చూచుటకు పరీక్ష బండి కళయు కొంత మిగులును. ముఖ్యముగా ముందు చక్రము విషయమున రాజీ కూడదు. బ్రేకు వేసినప్పుడు బరువంతయు ముందునకు వచ్చును; బండిని నిలుపునది ముందు టైరు. వెనుక చక్రము జారిన చాలసార్లు సర్దుకొనవచ్చును, ముందుది జారిన పడుటయే.

మరి నిజముగా బండలెక్కువానికో? మన చుట్టునున్న నల్లరాయి సుమారు 250 కోట్ల ఏండ్లనాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉప్పల్ రోడ్డుననే వారి జాతీయ పరిశోధనాలయము 1961 నుండి కలదు. రేచర్ల ప్రభువుల రాజధానియగు రాచకొండ గుట్టలలో అట్టి బండలు కావలసినన్ని. ప్రతి ఆదివారము అచ్చటికి పోవువాడు సగము సగము పాళ్ళ టైరు వేసికొని, నగరములో వేగము తగ్గించి నడుపుకొనవచ్చును. పరీక్షయే వ్రతముగా గలవాడు నిజమైన పరీక్ష టైర్లు తొడిగిన రెండవ జత చక్రములు ఇంట నుంచుకొనుట మేలు. ఖర్చు ఎక్కువే గాని, ఆరు దినములు తారుమీద అరుగు మెత్తని టైరు ఖర్చు కూడ తక్కువ కాదు.

కొనునప్పుడు చూడవలసినవి కొన్ని. టైరు ప్రక్కగోడపై అంతయు వ్రాసియే యుండును, చదువువారే అరుదు. కొలతల చివర నుండు అక్షరము వేగపు హద్దు: ఎల్ అనిన గంటకు 120 కిలోమీటర్లు, పి అనిన 150, ఎస్ అనిన 180. దాని ముందరి అంకె మోయగల బరువు గుర్తు. బుల్లెట్టు బరువైనది గనుక పాత టైరుపై ఉన్న అంకెకు తగ్గరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెను. తిరుగుదిశ చూపు బాణమును బట్టి బిగింపించవలెను. ఈ బండికి ఆకుల చక్రములు గనుక లోన ట్యూబుండును. టైరుతోపాటు ట్యూబును మార్చుట మంచిది. గాలి బండివారు చెప్పినంతయే, చక్రము చల్లగా నున్నప్పుడు పట్టించవలెను. చాళ్ళ అడుగున అరుగుదల తెలుపు చిన్న గట్టు లుండును. టైరు ముఖము వానితో సమమైననాడు దాని పని తీరినది. క్రొత్త టైరు ముఖము నున్నగా నుండును గనుక మొదటి నూరు కిలోమీటర్లు వంపులలో నెమ్మదిగా పోవలెను.

అన్నిటికంటె ముఖ్యము టైరు వయస్సు. ప్రక్కగోడపై చిన్న చట్రములో నాలుగంకెలుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. తగ్గింపు ధరకు దొరకు టైర్లు కొన్ని దుకాణముల అటకలమీద హైదరాబాదు ఎండకు ఏండ్ల తరబడి మగ్గినవై యుండును. చాళ్ళు క్రొత్తవి, రబ్బరు ముసలిది. గోరు గ్రుచ్చినను దిగదు, వంచి చూచిన సన్నని బీటలు కనబడును. మా మేనల్లునికి మొదట చూపిన జత అట్టిదే. నాలుగంకెలు చదివి దానిని తిరిగి ఇచ్చివేసి, వారము దినములాగి, ఆ యేటిదే మరియొక జత తెప్పించుకొన్నాడు. పాత టైర్లు రెండును మా పెరటి గోడకు ఆనించి యున్నవి. ఒక దానిని వీధి పిల్లలు దొర్లించుకొనుటకు అడిగి తీసికొనిపోయిరి.